దూరాన ఉన్న తండ్రి ధర్మం

దుబాయ్‌లో విదేశీయుల పిల్లలు ఎక్కువగా ప్రైవేటు బడుల్లోనే చదువుతారు. భారతీయులకు సీబీఎస్‌ఈ బడులున్నాయి. 1961లో మొదలైన ఇండియన్ హైస్కూల్ వాటిలో పాతది. అయితే కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం, లేదా వసతితో పాటు 3,000 చూపాలి. బడి ఫీజు దీనికి అదనం. ఉత్తర తెలంగాణ నుంచి కూలికి పోయే చాలామందికి ఇది అందని లెక్క. అందుకే ఇచ్చోడలాంటి ఊళ్లలో తండ్రి గల్ఫ్‌లో, పిల్లలు ఇక్కడ: ఊరి సర్కారు బడిలోనో, గురుకులంలోనో, నిర్మల్, ఆదిలాబాద్‌ల ప్రైవేటు హాస్టల్లోనో.

ఇక్కడే ధర్మసందేహం. ఫీజు పంపితే తండ్రి బాధ్యత తీరినట్టేనా? తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి తల్లిని, తండ్రిని, గురువును వేరువేరుగా పూజ్యులంటుంది. ఒకరి స్థానం మరొకరు నింపుతారని చెప్పదు. ఇస్లాంలో కుటుంబ పోషణ తండ్రి విధి, పిల్లల పెంపకమూ విధే. పాత గురుకుల పద్ధతిలో బిడ్డ ఇల్లు విడిచేవాడు. గల్ఫ్ కుటుంబంలో ముందుగా ఇల్లు విడిచేది తండ్రి. మొదటిదాంట్లో ఎడబాటు చదువులో భాగం, రెండోదాంట్లో చదువుకు కట్టే వెల.

ఇచ్చోడలో రాత్రి ఎనిమిదైతే దుబాయ్‌లో ఆరున్నర. డ్యూటీ దిగిన తండ్రి ఫోన్లో మార్కులడుగుతాడు. పరీక్ష భయాన్ని పసిగట్టేది మాత్రం పక్కనున్న తల్లో, నాయనమ్మో. కాబట్టి పంపిన సొమ్ము ధర్మంలో సగమే. మిగతా సగం ఇంట్లో ఉన్నవాళ్లు మోస్తారు. ఆ భారాన్ని గుర్తించి, బడి ఎంపికలో వాళ్ల మాటకు విలువివ్వడం దూరాన ఉన్న తండ్రికి సాధ్యమైన ధర్మం.