పాత పెట్టెకు కొత్త కంట్రోలు

పాడైన వస్తువు బాగుచేయించుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు మొరాయించిందనుకోండి. ఆ కుర్రవాడు యాంప్లిఫయరు మూత విప్పి, అరిగిన వాల్యూం కంట్రోలు పీకేసి, సంచీలో ఉన్న మరొకటి అతికించి, సరైన నాబ్ దొరక్కపోతే ఏ రేడియో నాబో తగిలించి పాట మొదలెట్టేస్తాడు. ఆ కంట్రోలు అసలుదేనా అని అడిగినవాణ్ణి అందరూ వింతగా చూస్తారు. అటువంటి ఊళ్ళనుంచి వచ్చిన మనకు, ఒక పాత గిటారు యాంప్లిఫయరుకు ఎటువంటి కంట్రోలు వేయాలన్నది ధర్మసందేహం అవుతుందంటే నవ్వు రావచ్చు. ఈ దేశానికి రాకపోతే మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళమే.

ఐర్లండులో 1950ల చివరినుంచి 1970ల దాకా షోబ్యాండులదే రాజ్యం. ఊరూరా డాన్సు హాళ్ళు, ఊరూరా తిరిగే వాద్యబృందాలు. వాటర్‌ఫర్డుకు చెందిన రాయల్ షోబ్యాండు పేరు ఇక్కడి పెద్దవాళ్ళు మనం ఘంటసాల పేరు చెప్పుకున్నంత ఇదిగా చెప్పుకుంటారు. ఆ రోజుల నాటి పెట్టెలు ఇంకా కొన్ని అటకలమీద, షెడ్లలో పడి ఉన్నాయి. వాటిలో పేరుమోసింది వాక్స్ ఏసీ 30. ఇంగ్లండులో డార్ట్‌ఫర్డు అనే ఊళ్ళో జెన్నింగ్స్ వారి కంపెనీలో డిక్ డెన్నీ రూపొందించినది. 30 వాట్లు, నాలుగు అవుట్‌పుట్ వాల్వులు, పైన వరసగా కోడిముక్కు ఆకారపు నల్లని నాబులు. వీటిని ఇక్కడివాళ్ళు కోడితలలనే అంటారు. ఆ కంపెనీ 1960ల చివరికే చేతులు మారిపోయింది. వాక్స్ అన్న పేరు 1992 నుంచి జపాను వారి కోర్గ్ కంపెనీది. పేరు బతికింది గాని, పాత పెట్టెలోని కంట్రోలు మటుకు ఆ పేరుగలవారిని అడిగినా రాదు.

మా ఎదురింటి పెద్దాయన కార్కు జిల్లాలో ఒక షోబ్యాండులో గిటారు వాయించేవారు. ఆయన పోయాక, ఆ పెట్టె అమ్మిపెట్టమని ఆయన భార్య మమ్మల్ని అడిగారు. వాల్యూం తిప్పితే బరబరమని గోకినట్టు చప్పుడు. కంట్రోలు మారిస్తే సరి అనుకుంటారు ఎవరైనా. మేము మటుకు మూత విప్పలేదు. లోపల 300 వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. గుండె ఆగినవాళ్ళను రోజూ చూసే వృత్తిలో ఉన్నవాళ్ళం కనుక పాత టీవీ మెకానికు ఒకాయనను పిలిచాం. ఆయన ముందు కంట్రోలు జోలికే పోలేదు. దానికి ముందున్న కండెన్సరును పరీక్షించాడు. అది కారుతోంది. అడ్డగించవలసిన డీసీ కరెంటును కంట్రోలు మీదికి వదిలేస్తోంది. గోకుడు చప్పుడు అక్కడిది. కంట్రోలు ఒక్కటే మార్చి ఉంటే కొత్తదీ బరబరమనేది. రోగలక్షణానికి మందు వేసి రోగాన్ని వదిలేయడం మా వృత్తిలోనే కాదు, ఇందులోనూ ఉందన్నమాట. అయితే ఇన్నేళ్ళు తిరిగి తిరిగి కంట్రోలు లోపలి బొగ్గుపూత కూడా అరిగిపోయింది. అంచేత రెండూ మార్చక తప్పదన్నాడు.

కండెన్సరు సులువుగానే దొరికింది. కంట్రోలు దగ్గర చిక్కు వచ్చింది. 5 లక్షల ఓములది కావాలి. అంతమాత్రాన సరిపోదు. మన చెవి శబ్దాన్ని కూడికలతో కాక గుణకారాలతో కొలుస్తుంది. అందుకని వాల్యూం కంట్రోలులో బొగ్గుపూత మొదట్లో మెల్లగా, తర్వాత వేగంగా మారేటట్టు వేస్తారు. సమానంగా మారేది తెచ్చి పెడితే, నాబ్ కాస్త కదపగానే ఇల్లు అదిరి, మిగతా తిప్పుడంతా దండగ అవుతుంది. పోనీ అక్షరం చూసి కొందామా అంటే, అమెరికా, ఆసియా సరుకు మీద ఏ అంటే చెవి లెక్కది, ఐరోపా సరుకు కొన్నిటి మీద అదే ఏ అంటే సమానమైనది. ఇక షాఫ్టు సంగతి. పాతది పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికేవి చాలావరకు 6 మిల్లీమీటర్లు. పాత కోడితలను దానిమీద పెట్టి మర బిగిస్తే వంకరగా కూర్చుంటుంది. ఇంగ్లండునుంచి తెప్పిద్దామంటే, 2021 జనవరి తర్వాత అక్కడి పార్సెలు కూడా విదేశీ సరుకే. కోఠీ గుజరాతీ గల్లీలో అయితే ఒక పూట తిరిగితే తేలే పని, ఇక్కడ నెల పట్టింది.

ఆ నెలలోనే ఒక వ్యాపారి మాట కలిపాడు. తన దగ్గర అదే కాలం నాటి కంట్రోలు ఉందిట. మరో విరిగిన పెట్టెనుంచి తీసినది. అది వేయించి, అన్నీ అసలు భాగాలేనని చెప్పి అమ్మితే ధర బాగా పెరుగుతుందన్నాడు. ఈ బేరంలో కాలానికి అంత విలువ ఉంది. అమెరికా పెట్టెల్లో ఇది ఒక శాస్త్రమే అయి కూర్చుంది. కంట్రోలు వీపున 137 అని మొదలైతే అది సీటీఎస్ కంపెనీది, ఆ తర్వాత 6432 అని ఉంటే 1964లో 32వ వారం. ఆ అంకెల కోసమే పనికిరాని కంట్రోళ్ళు కూడా కొనేవాళ్ళున్నారు.

ఇక్కడ వ్యాపారి వాదనను తేలిగ్గా కొట్టెయ్యకూడదు. ఆ కంట్రోలు నకిలీది కాదు. దాని కాలం నిజం, తయారీ నిజం. జెన్నింగ్స్ వారి పనివాడు కూడా ఎదురుగా ఉన్న డబ్బాలోంచి చేతికి అందినది తీసి బిగించినవాడే కదా, ఆ రోజు దీన్నే బిగించి ఉండవచ్చు కదా అంటాడు. బిగించి ఉండవచ్చు, కాని బిగించలేదు. ఏ ముక్కకు ఆ ముక్క నిజమే అయినా అన్నీ కలిపి చెప్పే మాట అబద్ధం కాగలదు. తప్పు కంట్రోలుది కాదు, ఆ మాటది. అదే పాత కంట్రోలును వేసి, ఇది ఫలానా పెట్టెనుంచి తెచ్చినదని చెబితే మాకు పేచీ లేదు. చచ్చిన పెట్టెనుంచి తీసుకోవడం అవయవదానం వంటిదే. బతికున్న పెట్టెను విప్పి అమ్మేవాళ్ళున్నారు, అది వేరే సంగతి.

మరి భాగాలు మారితే వస్తువు మారిపోయినట్టేనా? రథం అంటే చక్రమా, ఇరుసా, నొగలా అని నాగసేనుడు మిళింద రాజును అడిగిన ప్రశ్న పాతదే. బొబ్బిలి వీణను చూడండి. కొన్నేళ్ళకు మైనం చెడి మెట్లు కదులుతాయి. మైనం తీసి 24 మెట్లూ మళ్ళీ కూర్చి మేళం కట్టిస్తారు. తంత్రుల సంగతి చెప్పనే అక్కరలేదు. అమ్మమ్మ వీణ అమ్మమ్మ వీణగానే ఉంటుంది. ఎందుచేతనంటే మేళం కట్టించామని ఎవరూ దాచరు.

ఇక్కడి ఉదాహరణే కావాలంటే రోరీ గాలహర్ గిటారు ఉంది. 1961 నాటి ఫెండర్ స్ట్రాటొకాస్టర్. 1963లో కార్కులో క్రౌలీ వారి దుకాణంలో కొన్నాడు. చెమటకు రంగంతా లేచిపోయింది. తంత్రులు బిగించే మరలు మార్చాడు, టోన్ కంట్రోళ్ళ తీగలను తనకు కావలసినట్టు మార్పించుకున్నాడు. ఆ అతుకుల గిటారే 2024 అక్టోబరులో లండను వేలంలో 8 లక్షల 80 వేల పౌండ్లు దాటి పోయి, ఐర్లండు జాతీయ మ్యూజియానికి కానుకగా వెళ్ళింది. ఏ మార్పు ఎవరిదో అందరికీ తెలుసు గనుకనే ఆ మార్పులు దానికి లోటు కాలేదని మా అభిప్రాయం. అందరూ రోరీలు కారు, మా ఎదురింటాయన కంట్రోలుకు చరిత్ర లేదు అంటారా, ఒప్పుకుంటాం. కాని తర్వాత మూత విప్పేవాడికి ఆ తేడాతో పని లేదు. మా వృత్తిలో మనిషికి లోహపు కీలు వేస్తే, ఏది, ఎప్పుడు వేశారో రాసిన కార్డు అతని చేతికి ఇవ్వాలని ఐరోపా నిబంధన 2021 మే నుంచి అమలులో ఉంది. రేపు మరో డాక్టరు ఆ కీలు చూడవలసి వస్తుంది కదా.

చిక్కేమిటంటే, మా సూత్రానికి ఖర్చు పెట్టుకోవలసినది మేము కాదు, పింఛనుమీద బతికే పెద్దావిడ. ఆవిడ డబ్బుతో మా నిజాయితీ ఏమిటి? అందుకని రెండు దారులూ, రెండు ధరలూ ఆవిడ ముందు పెట్టాం. ఆవిడ ధర సంగతి ఎత్తలేదు. "కొన్నవాడు నాకు ఫోను చేసి అడిగితే నేనేం చెప్పాలి డాక్టర్?" అన్నారు. చెప్పవలసినది ఆవిడేనన్న సంగతి వ్యాపారికీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

పావు అంగుళం షాఫ్టుతో తైవాను కంట్రోలు వేయించాం. పాత కోడితల నిటారుగా కూర్చుంది. మెకానికు పనిలో పనిగా ఎర్తు ఉన్న కొత్త మెయిన్స్ తీగ వేశాడు, అసలుదీ గిసలుదీ అంటే పని వదిలిపోతానని బెదిరించి మరీ. తీసేసిన కంట్రోలును చిన్న సంచీలో వేసి పెట్టెలోపలే కట్టాం. ఏ తేదీన ఏం మార్చారో రాసిన కాగితం దాని పక్కన అంటించాం. మాలో నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఆ కాగితం రెండుసార్లు చదివి, ఫోటో తీసుకుని, వ్యాపారి చెప్పిన దానికన్నా చాలా తక్కువ ధర చెప్పాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, ఇంకో 50 యూరోలు పెంచమన్నారు.