వార్త విన్న మొదటి గంట



లూకా సువార్త 13వ అధ్యాయం మొదట్లో కొందరు మనుషులు యేసుప్రభువు దగ్గరకు ఒక వార్త మోసుకొస్తారు. బలి అర్పించడానికి వెళ్లిన గలిలీయులను పిలాతు చంపించాడని, వారి నెత్తురు బలుల నెత్తురుతో కలిసిపోయిందని ఆ వార్త. ప్రార్థన వేళ జరిగిన హత్యాకాండ అన్నమాట. ఆనాడు పేపర్లు లేవు, టీవీలు లేవు, అయినా వార్త ఆగలేదు. తెచ్చినవాళ్లు ఏమి ఆశించి తెచ్చారో లూకా రాయలేదు. ప్రభువు ఎవరినో ఒకరిని తిడతాడని ఎదురుచూసి ఉంటారు.

మన సంగతి చూద్దాం. 2013 ఫిబ్రవరి 21, గురువారం. తపస్సుకాలం మొదలై వారం దాటింది, మరునాడు సిలువమార్గం. సాయంత్రం ఏడు గంటల వేళ హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో, జనం కిటకిటలాడే బస్టాపు ప్రాంతంలో, సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు.

రామకృష్ణాపూర్‌కు హైదరాబాదు దూరమే గాని దిల్‌సుఖ్‌నగర్ దూరం కాదు. కోచింగుల కోసం అక్కడి హాస్టళ్లలో ఉండి వచ్చిన పిల్లలు మన బొగ్గుబాయి ఊళ్లలో ఎందరో! అలాంటి రాత్రి తల్లి ఫోను చేస్తే లైను కలవదు. తండ్రి రెండో షిఫ్టులో భూమి లోపల ఉంటాడు, పైన ఏమి జరిగిందో అతనికి తెలియదు. బాయి దిగినవాడి కోసం ఇల్లు ఎదురుచూడడం మనకు అలవాటైన బాధ. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఇపి గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. బాయి ముందు నిలబడి పేరు కోసం ఎదురుచూడడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కాబట్టి వార్త వినగానే "మావాడు క్షేమమేనా?" అని గుండె కొట్టుకుంటే అందులో తప్పు లేదు. అది ప్రేమ.

చిక్కంతా రెండో ప్రశ్నతోనే. "ఎవరు చేశారు?" ఈ ప్రశ్నకు హోటలు దగ్గర టీ చల్లారేలోగా జవాబు తయారవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురిని దోషులని తేల్చడానికి కోర్టుకు దాదాపు మూడేళ్ల పది నెలలు పట్టింది. 2016 డిసెంబరులో వారికి మరణశిక్ష వేశారు, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని సమర్థించింది. మనకేమో పావుగంట చాలు.

ఈ పావుగంట తీర్పు ఎంత ప్రమాదమో క్రైస్తవులమైన మనకు బాగా తెలిసి ఉండాలి. 2000 జూన్ 8న తాడేపల్లిగూడెం, ఒంగోలు చర్చిలలో బాంబులు పేలాయి. కర్ణాటకలో వాడి, ఆ తరువాతి నెలలో హుబ్లీ, బెంగళూరు చర్చిలలోనూ అదే జరిగింది. అప్పుడు చాలామంది వేళ్లు హిందూ సంస్థల వైపు చూపాయి. జూలై 9న బెంగళూరులో ఒక వ్యానులో బాంబు దానంతటదే పేలి, దానిని తీసుకెళ్తున్న ఇద్దరు చనిపోయారు. ఆ దారి పట్టుకుని వెళ్తే దీన్‌దార్ అంజుమన్ అనే ఒక చిన్న ముస్లిం శాఖవారి పని అని తేలింది. మన పక్కింటి హిందువు మీద మనం పెంచుకున్న అనుమానానికి క్షమాపణ ఎవరు చెప్పారు?

అట్లా అని ఆ అనుమానాన్ని తీసుకెళ్లి ముస్లిం ఇంటి గుమ్మంలో దించడమూ అదే తప్పు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో, శుక్రవారం ప్రార్థన వేళ బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లే చనిపోయారు. ఆ తరువాత పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం యువకులనే. వారు నిర్దోషులని తేలాక కొందరికి ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. ఆ పైన వేరేవారి మీద కేసు నడిచింది, 2018లో ఆ ఐదుగురినీ కోర్టు విడిచిపెట్టింది.

అనుమానం రుచి కోల్‌బెల్టుకు కొత్తా? నక్సలైట్ల రోజుల్లో అటువాళ్లు ఇన్‌ఫార్మరని, ఇటువాళ్లు సానుభూతిపరుడని అనుమానించారు. ఆ రెంటి నడుమ నలిగిన తల్లులు మన వాడల్లో ఇంకా ఉన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. బాంబు పేలిన మరునాడు పొద్దున మొదటి షిఫ్టుకు బయలుదేరే ముస్లిం కార్మికుడు క్వార్టరు తలుపు తీసేటప్పుడు ఏమనుకుంటాడు? నిన్నటిదాకా "భాయ్, పోదామా" అని పిలిచిన గొంతు ఇవాళ పిలుస్తుందా అని చెవి పెట్టి వింటాడు. బాయి లోపల ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉంటుంది. కప్పు పెళుసుగా ఉందని అతను కేకేస్తే మనం పరుగెత్తుతాం, అప్పుడు మతం అడగం. పైకి వచ్చాక ఎందుకు అడగాలి? కొవ్వొత్తుల ఊరేగింపు మంచిదే, నేను కాదనను. కానీ ఆ పొద్దున ఆ పిలుపు ఆగకుండా ఉండడం ఊరేగింపుకంటే కష్టం. సెల్‌ఫోనులో వచ్చిన కోపపు మాటను ఇంకొకరికి పంపకుండా ఉండడం ఇంకా కష్టం.

ప్రభువు ఏమన్నాడు? చనిపోయిన గలిలీయులు మిగతావారికంటే పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పాడు. ఆ వెంటనే సిలోయము బురుజు కూలి చనిపోయిన 18 మంది సంగతి ఎత్తాడు. ఒకటి మనిషి చేసిన హత్య, ఇంకొకటి ప్రమాదం. రెంటిలోనూ చనిపోయినవాళ్ల పాపాలను లెక్కపెట్టలేదు. వార్త తెచ్చినవాళ్ల వైపు తిరిగి, మీరు హృదయం మార్చుకోండి అన్నాడు. వాళ్లకు ఎంత చేదుగా ఉండి ఉంటుందో! దుఃఖించవద్దని గాని, కోపపడవద్దని గాని అనలేదు. న్యాయస్థానం తన పని చేయాలి, దోషికి శిక్ష పడాలి. అయితే బాంబు పెట్టినవాడి పేరు కూడా మన జపమాలలో ఉండాలంటే నోరు తిరగదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఆ జపం చెప్పమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. నష్టపోని మనమైనా ఆమె తరఫున మొదలుపెట్టవచ్చు.

ఈ మాటల తరువాత లూకా అంజూరపు చెట్టు ఉపమానం రాశాడు. మూడేళ్లుగా కాయని చెట్టును కొట్టేయమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అని బతిమాలతాడు తోటమాలి. మరుసటి ఏడు ఆ చెట్టు కాసిందో లేదో సువార్తలో లేదు.