ఉపసంహార ధర్మం: పరిశోధన పత్రం ముగింపులో సత్యనిష్ఠ

ఉపోద్ఘాతం

శాస్త్రీయ పరిశోధన పత్రంలో ఫలితాల తరువాత చర్చ, పరిమితులు, నిర్ధారణ వస్తాయి. వాటి వెనుక సమ్మతి, నిధులు, కృతజ్ఞతలను తెలిపే చిన్న ప్రకటనలు ఉంటాయి. కొలతలో జరిగిన తప్పును మరొకరు మళ్లీ కొలిచి పట్టుకోగలరు. ముగింపులో మోతాదు మించిన మాటను పట్టుకోవడం అంత సులభం కాదు. పత్రమంతా చదివే తీరిక లేనివారు ముగింపునే గ్రహించి, దానినే ఉదాహరిస్తారు. అందువల్ల ముగింపు రాయడం కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు. చూసినదానికి మించి చెప్పవచ్చునా, చూసినదానిలో కొంత చెప్పక విడువవచ్చునా అనే ధర్మసందేహం అందులో ఉన్నది.

నిగమనం హద్దు

న్యాయశాస్త్రం చెప్పిన పంచావయవ వాక్యంలో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణం, ఉపనయం తరువాత చివరిది నిగమనం. కొండపై పొగ ఉన్నది కనుక అక్కడ నిప్పు ఉన్నదని నిర్ణయిస్తాము. ఆ నిర్ణయం ఈ కొండకే చెందుతుంది. అన్ని కొండలూ మండుతున్నాయని అది చెప్పదు. హేతువు మోయలేని బరువును నిగమనంపై పెట్టరాదన్నదే ఇందులోని నీతి.

సాహిత్య పరిశోధనకూ ఇదే వర్తిస్తుంది. ఖమ్మం జిల్లా పెనుబల్లి మండలంలో ఒకటి రెండు గూడేల పాటలు సేకరించిన పరిశోధకుడు, చివరి అధ్యాయంలో "గిరిజన సాహిత్యం" ఇట్టిదని తేల్చితే అది అతివ్యాప్తి. స్టీఫెన్ టైలర్ 1969లో ప్రచురించిన కోయ వ్యాకరణం తాను వర్ణించినది గొమ్ము మాండలికమని శీర్షికలోనే చెప్పింది. హద్దు చెప్పినందువల్ల ఆ గ్రంథం విలువ తగ్గలేదు. దాని మాటలను ఎంతవరకు నమ్మవచ్చునో పాఠకునికి తెలిసింది.

ఖమ్మం ఉదంతం

ముగింపు వాక్యం వెనుక మనుషులుంటారని ఈ జిల్లా అనుభవమే చెబుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకాపై 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో ఒక అధ్యయనం ప్రారంభమైంది. పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. 10–14 ఏళ్ల బాలికలకు టీకా ఇచ్చారు. వారిలో వసతిగృహాలలో ఉంటున్న గిరిజన బాలికలూ ఉన్నారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో అధ్యయనం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ సంఘం భావించింది. సమ్మతి సేకరణలో మాత్రం లోపాలు బయటపడ్డాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో వాటిని తీవ్రంగా విమర్శించింది. తల్లిదండ్రులకు బదులు వసతిగృహ సంరక్షకులు వేలకొద్దీ పత్రాలపై సంతకాలు చేశారు.

ఈ ఉదంతం నుంచి రెండు తప్పుడు నిగమనాలు పుట్టగలవు. సమ్మతి లోపాన్ని చూపి టీకాయే హానికరమనడం ఒకటి. టీకా నిర్దోషి కనుక సమ్మతి లోపం పట్టించుకోదగినది కాదనడం రెండవది. వేరువేరు ప్రశ్నలకు వచ్చిన సమాధానాలను ఒకదానితో మరొకటి కప్పివేయడమే రెండింటిలోనూ దోషం. సరియైన ముగింపు ఆ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన నిలుపుతుంది.

కర్త కనిపించని వాక్యం

ఇటువంటి అధ్యయనం చివర "సమ్మతి పొందబడినది" అని రాస్తే వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కాని ఆ కర్మణి ప్రయోగంలో ఇచ్చినవారూ లేరు, తీసుకున్నవారూ లేరు. వ్యవహారంలో తెలుగు ఈ ప్రయోగాన్ని అంతగా ఆదరించదు. "ఎవరిచ్చారు?" అని వెంటనే అడుగుతుంది. మన సిద్ధాంత గ్రంథాలలోని "పాటలు సేకరింపబడినవి" అన్న వాక్యానికీ ఇదే ప్రశ్న వేయాలి. పాడినవారు ఎవరు? తమ పాట అచ్చవుతుందని వారికి తెలుసా? పేరు చెప్పవద్దని వారు కోరితే, ఆ కోరికను మన్నించామన్న మాటైనా చివరి పుటలో ఉండాలి.

ప్రాచీన కావ్యాలలో ఆశ్వాసాంత గద్య ఈ బాధ్యతలో ఒక పాలు మోసింది. తిక్కన ప్రతి ఆశ్వాసం చివరా తండ్రి కొమ్మనామాత్యుని పేరుతో పాటు తన పేరు చెప్పుకొన్నాడు. ఈ రచనకు నేను కర్తనని నిలబడటం అది. నేటి పరిశోధకుడు అంతటితో ఆగరాదు. తనకు తెలియజెప్పినవారి పాలు కూడా చెప్పాలి.

ఒక ఆక్షేపణ

పరిమితులను ఒప్పుకోవడమూ ఆచారంగా మారవచ్చునని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ సమంజసమే. "మరింత పరిశోధన జరగవలసి ఉన్నది" అన్న వాక్యం చాలా పత్రాలలో వినయం వేషం వేసుకున్న దాటవేత. సాక్ష్యం బలంగా ఉన్నప్పుడు నిర్ణయం చెప్పకపోవడం అవ్యాప్తి. అది కూడా దోషమే. పరిమితి అంటే ఏ ఆధారం కొరవడిందో, దానివల్ల ఏ నిర్ణయం ఎంత బలహీనపడిందో చెప్పడం.

ముగింపు

ఉపసంహారమనే మాటకు వెనుకకు తీసుకోవడమనే అర్థమూ ఉన్నది. విడిచిన అస్త్రాన్ని ఉపసంహరించడం తెలిసినవాడే దానిని ప్రయోగించడానికి అర్హుడని మన పురాణాలు భావించాయి. పరిశోధకునికీ ఆ అర్హత ఉండాలి. ఊహను ఎంత దూరం పంపినా, చివరి పుటలో దానిని సాక్ష్యం ఉన్న చోటికి తిరిగి తీసుకురావాలి. ఆ సాక్ష్యం ఇచ్చిన మనిషి ఆ పుట చదివితే, తన మాట ఇదేనని గుర్తుపట్టగలగాలి.