‘నేను దేహం కాదు’ అంటే దేహాన్ని చూసుకోవద్దనా?

ఈ వారం వీడియోలో గీత పదమూడో అధ్యాయం గురించి చెప్పుకున్నాం కదా. కెమెరా ముందు చెప్పలేకపోయిన విషయం ఒకటి మిగిలిపోయింది. మా నాన్నని అడిగి, ఆయన సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను.

మాది ముదినేపల్లి. నా చిన్నప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. కొల్లేటికి దగ్గర కాబట్టి మా వైపు ఎటు చూసినా వరి చేలు, చేపల చెరువులు. మా నాన్నకీ ఒక చెరువుంది. శీలావతి, బొచ్చె పెంచుతారు. తెల్లారకముందే గట్టు మీద ఉంటారు. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, పొద్దు పొడిచే ముందు బాగా పడిపోతుంది. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయంటే ఇంక క్షణం ఆలస్యం చెయ్యకూడదు. తవుడు నింపి కర్రలకి కట్టిన చిల్లుల సంచులుంటాయి. పడవలో వెళ్లి వాటిని చేత్తో ఎత్తి చూస్తారు. నిన్నటి మేత మిగిలిందంటే చేపకి ఏదో అయిందన్నమాట. నీళ్ల రంగు కొంచెం మారినా దూరం నుంచే పట్టేస్తారు.

అలాంటి మనిషి తన అరికాలి కింద పుండుని పదకొండు రోజులు చూసుకోలేదు.

మా మండలంలోనే సింగరాయపాలెంలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి ఉంది. మార్గశిరంలో షష్ఠికి జనం పోటెత్తుతారు. నాన్న ప్రతి ఏడూ ఇంటి దగ్గర్నుంచి చెప్పుల్లేకుండా నడిచి వెళ్తారు. ఆ ఏడు కూడా వెళ్లారు, ప్రదక్షిణలు చేశారు. దారిలో ఎక్కడో కంకర రాయి దిగింది. ఆయనకి తెలియలేదు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవారు. దుప్పటి మీద మరక చూసి అమ్మ నాకు ఫోన్ చేసింది. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే నాన్న అన్న మాట ఇది:

“నొప్పే లేదురా. అయినా దేహం మీద అంత ధ్యాస దేనికి? నేను దేహం కాదు అని నువ్వే కదా గంటసేపు చెప్పావు. ఆ వీడియో నాలుగుసార్లు చూశాను.”

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు లోపల సంతోషం వేసింది. మా నాన్న నా మాట నాలుగుసార్లు విన్నారు! ఆ సంతోషంలో గట్టిగా పోరలేదు. ఇంకో నాలుగు రోజులు పోయాయి. ఆసుపత్రిలో చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేయాల్సి వచ్చింది.

“నొప్పి లేదంటున్నారు చూడండి, అసలు జబ్బు అదే,” అన్నారు డాక్టరు గారు. షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిరి, మంట. తర్వాత మొద్దుబారిపోతుంది. రక్తప్రసరణ కూడా తగ్గితే పుండు మానదు. ఒళ్లు చెప్పే కబురు మనదాకా రావడం మానేస్తుంది. అప్పుడు కళ్లతో చూసుకోవడం ఒక్కటే దారి.

ఆసుపత్రి వరండాలో కూర్చుని మళ్లీ గీత తెరిచాను. పదమూడో అధ్యాయం మొదట్లోనే కృష్ణుడు ఈ శరీరాన్ని క్షేత్రం అన్నాడు. దాన్ని తెలుసుకునేవాణ్ణి క్షేత్రజ్ఞుడు అన్నాడు. నేను వీడియోలో మొదటి సగమే చెప్పాను, ‘నువ్వు క్షేత్రం కాదు’ అని. ‘నువ్వు దాన్ని తెలుసుకునేవాడివి’ అన్న సగం ఒక్క వాక్యంలో దాటేశాను. క్షేత్రం అంటే గుడి ఉన్న చోటు, పంట పండే నేల కూడా. ‘నేను చెరువుని కాదు కదా’ అని మా నాన్న ఏ రోజైనా గట్టు మీదికి వెళ్లడం మానేశారా?

పదిహేడో అధ్యాయంలో స్వామి ఇంకా కటువుగా చెప్పాడు. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో శరీరాన్ని పీడించేవాళ్లు, లోపల ఉన్న తననే పీడిస్తున్నారట. వాళ్లది అసుర నిశ్చయం అన్నాడు. మరి రెండో అధ్యాయంలో చలినీ వేడినీ ఓర్చుకోమన్నాడు కదా అంటారేమో. అన్నాడు. కానీ ఓర్చుకోవాలంటే ముందు అది తెలియాలి కదండీ. తెలియకపోవడాన్ని మనం వైరాగ్యం అనుకుంటున్నాం.

‘మాకు షుగర్ లేదులే’ అని ఇక్కడ ఆపేయకండి. చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం మన గురించే రాసినట్టుంటుంది. బలవంతంగా ఆపకూడని శరీర వేగాలు 13 అంటుంది. ఆకలి, దాహం, నిద్ర, మూత్రం, తుమ్ము, ఆవలింత, కన్నీళ్లు... అన్నీ అందులోనే. ఆ వెంటనే ఆపాల్సిన వేగాలు కూడా చెప్తుంది. లోభం, కోపం, అసూయ, గర్వం లాంటివి. మనం చేసేది సరిగ్గా తిరగేసి. మీటింగ్ అయ్యేదాకా మూత్రం ఆపుకుంటాం. రాత్రి ఒంటిగంటకి ఆవలింత వస్తే ఇంకో రీల్ చూస్తాం. ఏడుపొస్తే మింగేస్తాం. కోపం వస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా మెసేజ్ కొట్టేస్తాం! నేనూ అంతే. వీడియో ఎడిటింగ్ రాత్రుల్లో ఆకలిని టీతో చంపిన రోజులు చాలా ఉన్నాయి. తెల్లారి లేచి మితాహారం గురించి చెప్పిన రోజులూ ఉన్నాయి.

దీనికి పెద్ద సాధనలేం అక్కర్లేదు. మన ఇళ్లల్లో బయట్నుంచి రాగానే కాళ్లు కడుక్కోమంటారు కదా. ఆ నీళ్లు పోసుకునేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి మీ ఒంటిని అడగండి: ఆకలా, దాహమా, నిద్రా? ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు రోజూ చూడాలి. వేడినీళ్లు కాలితో కాకుండా మోచేత్తో చూడమనండి, కాలికి వేడి తెలియకపోవచ్చు. ఈసారి ఊరెళ్లి అమ్మానాన్నల పాదాలకి దండం పెట్టినప్పుడు ఆ పాదాల్ని ఒకసారి చూడండి. నేను ముప్ఫై ఏళ్లు దండాలు పెట్టాను, ఒక్కసారీ చూడలేదు.

నాన్న ఇప్పుడు సాయంత్రం పూట నేల మీద అద్దం పెట్టుకుని కూర్చుంటారు. అమ్మ టార్చి పడుతుంది. ఈ ఏడు షష్ఠికి కారులో వెళ్లారు. డాక్టరు గారు చెప్పినట్టు మెత్తటి సాక్సు వేసుకుని ఒక్క ప్రదక్షిణే చేశారు. బయటికి రాగానే మెట్టు మీద కూర్చుని, సాక్సు విప్పి, అందరి ముందూ అరికాళ్లు తిప్పి చూసుకున్నారు. పక్కన చెప్పులు వేసుకుంటున్న ఒక పెద్దాయన “ఏమైందండీ?” అని అడిగారు. నాన్న చెప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆయన కూడా మెట్టు మీద కూర్చుని తన కాలు ఒళ్లోకి తీసుకున్నారు.