ఒకే జాతి ముక్కలు పరిచినప్పుడు పందెం



కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో దీపావళికి కూర్చునే తీన్‌పత్తాలో చేతిలోని మూడు పత్తాలూ ఒకే జాతివి, అంటే మూడూ ఆఠీన్లో మూడూ ఇస్పేట్లో అయితే దాన్ని కలర్ అంటారు. అది పడినవాడొక్కడిదే, పక్కవాడికి కనపడదు. టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి ఇచ్చి, అందరికీ ఉమ్మడిగా ముందు మూడు ముక్కలు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మరో రెండు టేబుల్ మీద పరుస్తారు. తొలి మూడింటిని ఫ్లాప్ అంటారు. ఆ మూడూ ఒకే జాతివి కావడానికి, తీన్‌పత్తాలో మూడు ఒకే జాతి ముక్కలు పడడానికి ఉన్న అవకాశం ఒకటే, 5.18 శాతం, అయితే అక్కడ ఒకడికి బలమైనది ఇక్కడ అందరికీ భయమవుతుంది.

టేబుల్ మీద ఆఠీను రాజు, తొమ్మిది, నాలుగు ఉన్నాయనుకుందాం. ఆటగాడి చేతిలో ఇస్పేటు రాజు, కళావరు ఆసు ఉన్నాయి. రాజుల జత కుదిరింది కనుక కొత్తవాడు ఉన్నదంతా ముందుకు నెట్టాలనుకుంటాడు. కనపడని 47 ముక్కల్లో పది ఆఠీన్లు మిగిలాయి. ఎదుటివాడు ఒక్కడే అయినా అతని దగ్గర రెండూ ఆఠీన్లై, ఐదు ఒకే జాతి ముక్కల ఫ్లష్ ఇప్పటికే కుదిరి ఉండే అవకాశం సుమారు 4 శాతం, ఒక్క ఆఠీను ఉండే అవకాశం సుమారు 34 శాతం. ఆ ఒక్కటి ఉన్నవాడికి మిగిలిన రెండు ముక్కల్లో ఫ్లష్ పూర్తయ్యే అవకాశం మూడింట ఒక వంతుకు పైనే. ఇటువంటప్పుడు పెద్ద పందెం కడితే ఓడిపోయే ముక్కలున్నవారు పారేసి తప్పుకుంటారు, గెలిచేవి ఉన్నవారే ఎదురు నిలుస్తారు. అందుకే ఆరితేరినవారు అందరి పందేలూ చేరే కుండలో 300 ఉంటే 100కు మించకుండా కడతారు, లేదా పందెం కట్టకుండానే వంతు వదులుతారు. ఆఠీను ఆసు తన చేతిలోనే ఉన్నవాడికి మాత్రం అన్నింటికన్నా పెద్ద ఫ్లష్ ఎదుటివాడికి రాదన్న నిశ్చయం ఉంటుంది కనుక కొంత ధైర్యం చేయగలుగుతాడు.

ఇంత లెక్క ఉంది కనుక పోకర్ జూదం కాదని యువకులు వాదిస్తారు. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అన్న మాట నిజమే. మూడు ముక్కలాట కేవలం అదృష్టమని కూడా ఆ తీర్పే చెప్పింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి పైసలు పెట్టి ఆడే రమ్మీకి నైపుణ్యపు ఆట అన్న రక్షణ తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.

చట్టాన్ని పక్కన పెట్టినా నైపుణ్యం ఫలితమివ్వడానికి వేల ఆటలు కావాలి, ఆట పెట్టినవాడు ప్రతి కుండలోంచీ తన వాటా తీసుకుంటూనే ఉంటాడు. ఆదిలాబాద్ రైతుకు పత్తి పైసలు, గోదావరిఖని కార్మికుడికి దీపావళి బోనస్ ఏడాదికి ఒక్కసారే వస్తాయి. అవి ఒక్క రాత్రిలో పోతే లెక్క తనవైపు తిరిగేదాకా ఆగే స్తోమత ఆ ఇంటికి ఉండదు. ముక్కల గణితం మీద మక్కువ ఉన్నవాడు చింతగింజలు పందెం పెట్టి ఎంతసేపైనా ఆడుకోవచ్చు. ఈ దీపావళికి ఇంటి పైసలను మాత్రం ఆ కుండ దగ్గరికి తీసుకుపోవద్దని పెద్దల కోరిక.