అడుగుల లెక్క

యాంగోను నగరమున కందోజీ సరస్సు ఒడ్డున వేకువనే వృద్ధులు నడచుట పాత అలవాటు. ష్వేడగోను పగోడాలో చెప్పులు విడిచి ప్రదక్షిణము చేయుటయు నడకయే. 2014లో విదేశీ సంస్థలు ప్రవేశించి సిమ్ కార్డుల ధరలు పడిపోయిన పిమ్మట సామాన్యుల చేతికిని ఫోను వచ్చినది. దానితో అడుగులను లెక్కించు యాప్‌లును వచ్చినవి.

ఈ లెక్క మేలా, కీడా? కూర్చున్నవానిని లేపినచో మేలే. జపమాల త్రిప్పువారికి లెక్క క్రొత్త గాదు. అయితే దినమునకు 10,000 అడుగులను మాట వైద్యశాస్త్రమునుండి పుట్టినది కాదు. 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రము పేరునుండి వచ్చినది. 2019లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, సగటున 72 ఏండ్ల స్త్రీలలో, 2,700 అడుగులు నడచినవారికంటె 4,400 నడచినవారిలో మరణములు తక్కువగా కనబడినవి. 7,500 దాటిన పిదప అదనపు లాభము కానరాలేదు. కావున సాయంకాలము ఫోను చూచి ముసలమ్మ పడు సిగ్గు నిష్కారణము.

రంగూను రేవులో, బియ్యపు మిల్లులలో బస్తాలు మోసిన తాతల అడుగులను ఎవరు లెక్కించిరి? వారికి కావలసినది విశ్రాంతి. మనుమలకు కావలసినది నడక!

చిక్కు మరియొకటి గలదు. దూరదేశమున నున్న కుమారుడు తల్లి అడుగులను తన ఫోనులో చూచి, "అమ్మ బాగున్నది" అని తృప్తిపడును. అది సేవయా, చూచుట మాత్రమేనా? మోకాలినొప్పి, తోడులేనితనము అంకెలలో కనబడవు. ఒకనాడు ఆమె ఫోను ఇంట మరచి, జబ్బుపడిన పొరుగింటామెను చూడబోయినచో, ఆనాటి లెక్క సున్నయే. కుమారుడు కంగారుపడి పిలుచును. అప్పుడుగాని ఇద్దరును మాటాడుకొనరు.