వీధి పేరు చెప్పిన ప్రభువు



ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 9:10-12, 10:1-23.

దమస్కులో అననీయకు దర్శనమిచ్చిన ప్రభువు, ఎవరిని కలవవలెనో చెప్పి ఊరుకొనలేదు. వీధి పేరు చెప్పెను, ఇంటివాని పేరు కూడ చెప్పెను. కొర్నేలీ విషయములోను అట్లే జరిగినది. ఊరు యొప్పే, ఇల్లు చర్మకారుడైన సీమోనుది, గుర్తు సముద్రపు దరి. ఆ దూతయే కొర్నేలీకి సువార్త అంతయు వినిపించవచ్చును గదా! వినిపించలేదు. చిరునామా ఇచ్చి వెళ్లిపోయెను. బోధించు పని పేతురుకు ఉంచెను. కనుక సంఘము చిరునామా సరిగా తెలియజేయుట చిల్లర పని కాదు, అదియు పరిచర్యయే.

మన పితరుల సంగతి చూడండి. 1876-78 కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసుకొనిరి. కూటికై వచ్చిన కూలీలు పని విరామములో బోధకుల యొద్ద వాక్యము వినిరి. 1878 జూలై 3న వేలంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పని వెదకికొనుచు వచ్చినవారికి వాక్యము దొరికిన చరిత్ర మనది.

నేడు పని వెదకువారు హోసూరుకు వచ్చుచున్నారు. 2019లో నగర పాలక సంస్థయైన ఈ ఊరిలో సిప్కాట్ పేటలున్నవి, వాహనములు, గడియారములు చేయు కర్మాగారములున్నవి. ఒంగోలు నుండియో నెల్లూరు నుండియో వచ్చిన యువకునికి తమిళ బోర్డు చదువరాదు. షిఫ్టు పనిలో వారపు సెలవు ప్రతిసారి ఆదివారమే రాదు. వచ్చిన ఆ ఒక్క ఆదివారమున అతడు ఫోను తీసి తెలుగు చర్చి ఎక్కడని వెదకును. ఫోను చూపిన చోట తాళము కనబడినయెడల తిరిగి గదికి పోవును. మరల వెదకునో లేదో మనమెరుగము. కనుక మూడు సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది, ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అను సదుపాయము ఉచితము. పేరులో వ్యాపారమున్నను ఆరాధన స్థలములును అందులో నమోదు కావచ్చును. బోర్డు మీదనున్న పేరే వ్రాయండి, పొగడ్తలు చేర్చవద్దు. మ్యాపులో గుర్తు మన గేటు వద్దనే ఉండవలెను. మందిరము మారినప్పుడు పాత నమోదునే సరిచేయండి. రెండు నమోదులున్న యెడల వచ్చువాడు తికమకపడును. డబ్బిచ్చి మంచి మాటలు వ్రాయించుకొనుట అబద్ధ సాక్ష్యమే.

రెండవది, వెదకువాని భాషలో చెప్పవలెను. క్రొత్తగా వచ్చినవాడు తెలుగు చదువును. ఇక్కడ పుట్టి తమిళ బడిలో చదివిన మన పిల్లలలో అనేకులకు తెలుగు మాటలే గాని తెలుగు అక్షరములు రావు. కాబట్టి తెలుగు ఆరాధన ఎన్ని గంటలకో తెలుగు, తమిళ, ఇంగ్లీషు అక్షరములలో తెలుపండి. వెదకిన మాటకు తగియుండుట, దూరము, ప్రసిద్ధి అను మూడింటిని బట్టి ఫలితములు చూపుదుమని గూగుల్ చెప్పుచున్నది. దూరము మన చేతిలో లేదు. సంఘము ఎట్టిదో స్పష్టముగా తెలుపుట మన చేతిలోనిదే.

మూడవది, కావలి యుండవలెను. ఆ నమోదునకు ఎవరైనను మార్పు సూచించవచ్చును. గనుక ఒక పెద్దయు ఒక యౌవనస్థుడును నెలకొకసారి సరిచూడండి. అధికారము ఒక్కరి ఫోనులోనే ఉంచవద్దు, కాపరిగారు బదిలీయైన దినమున సంఘము చేయి విరిగినట్లగును. క్రిస్మస్, శుభ శుక్రవారము, సంవత్సరాంతపు ఆరాధనల వేళలు ముందుగా మార్చండి. పలికే ఫోను నంబరే ఇవ్వండి. గృహ కూడికల చిరునామా ఇంటివారి సమ్మతి లేక పెట్టరాదు, పిల్లల ఫొటోలు తలిదండ్రుల సమ్మతి లేక పెట్టరాదు.

ఇంత చేసినను ఒకటి మిగిలియున్నది. కొర్నేలీ మనుష్యులు ఇల్లు విచారించి తెలిసికొని, వాకిట నిలిచి పిలిచిరి. పేతురు మిద్దె మీద ధ్యానములోనే ఉండిపోయిన యెడల ఆ చిరునామా ఏమి ప్రయోజనము? అతడు దిగివచ్చెను, లోపలికి పిలిచెను, ఆ రాత్రి ఆతిథ్యమిచ్చెను. వచ్చినవారు అన్యజనులని వెనుదీయలేదు.

మ్యాపు మనిషిని గేటు వరకే తెచ్చును. గేటు నుండి బల్ల వరకు తేవలసినది మనమే. తరతరములుగా ఇక్కడ స్థిరపడిన మనకు మన బెంచీలు, మన బంధువులు, మన కబుర్లు ఉన్నవి. వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్నవానికి ఏమున్నది? ప్రతి సంఘమును ఒక సహోదరుని, ఒక సహోదరిని వాకిట నియమించవలెనని కోరుచున్నాము. ఏ ఊరు బాబూ, ఎక్కడ దిగినావు, భోజనమెక్కడ అని అడుగుటకు ఏ యంత్రమును అక్కరలేదు. మరుసటి ఆదివారము అతనిని పేరు పెట్టి పిలిచినచో, తరువాత అతడే మరియొకనిని వెంటబెట్టుకొని వచ్చును.

వీధి పేరు కూడ ఎరిగిన ప్రభువు, వెదకుచున్నవారికి మన వాకిలి చూపును గాక. వారు వచ్చినప్పుడు మనము వాకిట కనబడుదుము గాక. ఆమేన్.